అల్లర్లా, తిరుగుబాటా? అసలు పేచీ ‘వల్ల’ దగ్గర

సందేహం: 1992లో లాస్ ఏంజెలెస్‌లో జరిగినదాని గురించి మా తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాస్తూ ‘అల్లర్లు’ అని వాడాను. అది నల్లజాతివాళ్లను చిన్నబుచ్చే మాట, ‘తిరుగుబాటు’ అనాలి అని ఒక మిత్రుడు పట్టుబట్టారు. కొట్లు దోచుకున్నవాళ్లను వీరుల్ని చేస్తారా అని ఇంకొకరు కోప్పడ్డారు. తెలుగు ప్రకారం ఏది ఒప్పు? పోనీ ‘దొమ్మీ’ అని వాడొచ్చా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ మిత్రులిద్దరూ అమెరికావాళ్లు ముప్ఫై ఏళ్లుగా పడుతున్న తగువునే తెలుగులో పడుతున్నారండీ. రోడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు చితకబాదిన కేసులో 1992 ఏప్రిల్ 29న సిమీ వ్యాలీ జ్యూరీ నలుగురు పోలీసులనూ దాదాపు పూర్తిగా వదిలేసింది. ఆ సాయంత్రం మొదలైన మంటల్లో, కాల్పుల్లో 60 మందికి పైగా చనిపోయారు. నష్టం వంద కోట్ల డాలర్ల దాకా అన్నారు. రెండు రోజులకు అధ్యక్షుడు జార్జి బుష్ (పెద్దాయన) టీవీలో మాట్లాడుతూ ఇది పౌరహక్కుల వ్యవహారం కాదు, గుంపు చేసిన కిరాతకం అన్నాడు. ఆ ప్రాంతానికే చెందిన కాంగ్రెస్ సభ్యురాలు మాక్సిన్ వాటర్స్ మాత్రం తిరుగుబాటు అనే మాటకే కట్టుబడింది. అంటే ఈ మాటలకు పార్టీలు ముందే ఉన్నాయి.

ఇక మన మాటల సంగతి. ‘అల్లరి’ ఏకవచనంలో ముద్దు మాట, పిల్లాడు చేసేది. ‘అల్లర్లు’ అని బహువచనంలోకి వెళ్లేసరికి కర్ఫ్యూ పెట్టాలి! ఆ పాత వాసన పూర్తిగా పోలేదు కాబట్టే ఆ మాట వినగానే పనీపాటా లేని మూక కళ్లముందు కదులుతుంది, కారణం అడగాలనిపించదు. మీ మొదటి మిత్రుడికి గుచ్చుకున్నది ఇదే. అయితే ‘మత కల్లోలాలు’, ‘అలజడి’, ‘హింసాకాండ’ కూడా కారణం చెప్పవు, కాబట్టి ఒక్క అల్లర్లనే తప్పుపట్టడం న్యాయం కాదు.

‘తిరుగుబాటు’కు వేరే చిక్కుంది. ఆ మాట వాడితే ఎవరి మీద అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. తిరగబడేది ఎప్పుడూ పైవాడి మీద: దొర మీద, సర్కారు మీద, పోలీసు మీద. లాస్ ఏంజెలెస్‌లో దెబ్బతిన్నవాటిలో రెండు వేలకు పైగా కొరియావాళ్ల చిన్న చిన్న దుకాణాలు. నా కిరాణా కొట్టు మీద తిరుగుబాటేమిటి అని ఆ కొట్టాయన అడిగితే ఏం చెబుతాం? అయినా కథ అక్కడితో అయిపోదు. కింగ్‌ను కొట్టిన 13 రోజులకే లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ల నల్లజాతి పిల్లను ఒక కొరియన్ దుకాణం యజమానురాలు కాల్చి చంపింది, కోర్టు ఆమెకు జైలుశిక్ష కూడా వేయలేదు. ఆ కొట్లకు నిప్పంటుకోవడం కాకతాళీయం కాదనేవాళ్లు ఇది గుర్తుచేస్తారు. అమెరికాలోని కొరియావాళ్లయితే ఈ రెండు మాటల జోలికీ పోకుండా ‘సా-ఇ-గు’ అంటారు, అంటే నాలుగు-రెండు-తొమ్మిది, ఆ తేదీ. తెలివైన పని.

కానీ నన్నడిగితే మీరు పేరు మీద ఇంత తర్జనభర్జన పడి, వాక్యంలో ఉన్న అసలు మెలికను వదిలేస్తున్నారు. మీ వ్యాసంలో రెండో వాక్యం చూడండి: ‘తీర్పు వల్ల అల్లర్లు చెలరేగాయి.’ ఆ ‘వల్ల’ ఎక్కడిది? దాన్ని తీసేసి ‘తీర్పు తర్వాత’ అంటే మీరు తేదీ మాత్రమే చెప్పినట్టు. ‘తీర్పుకు నిరసనగా’ అంటే చేసినవాళ్ల మనసులో ఉన్నది మీకు తెలుసన్నట్టు. ‘తీర్పును సాకుగా తీసుకుని’ అంటే బుష్ పక్షాన నిలబడ్డట్టు. ఆ రోజుల్లో జరిగిన రాజకీయమంతా ఈ విభక్తుల్లోనే ఉంది. అరవై, డెబ్బైల నాటి సంక్షేమ పథకాల వల్లే ఇదంతా అని వైట్‌హౌస్ ప్రతినిధి ఫిట్జ్‌వాటర్ అన్నాడు, కుటుంబ విలువలు చెడిపోవడం వల్ల అని ఉపాధ్యక్షుడు క్వేల్ అన్నాడు, నిరుద్యోగం వల్ల, పోలీసుల దాష్టీకం వల్ల అని అవతలివాళ్లన్నారు. అందరూ వాడింది ఒకటే ‘వల్ల’, దాని ముందు పెట్టిన నామవాచకమే వేరు.

1967లో నూవర్క్, డిట్రాయిట్ తగలబడినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్‌కు మూడు ప్రశ్నలు అప్పగించాడు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి. మొదటిదాన్నీ రెండోదాన్నీ విడగొట్టడం మనకు కూడా పనికొస్తుంది. ఏం జరిగిందో ఒక వాక్యంలో రాయండి, ఎందుకు జరిగిందన్నది, ఆ మాట ఎవరన్నారో చెబుతూ, ఇంకో వాక్యంలో రాయండి. కమిషన్ 1968లో నివేదిక ఇచ్చి, దేశం నల్లవాళ్లది ఒకటి, తెల్లవాళ్లది ఒకటిగా రెండు సమాజాలుగా చీలిపోతోందంది. జాన్సన్‌కే అది రుచించలేదు, అది వేరే సంగతి.

పేరు కాలంతో మారుతుందన్నది మనకు కొత్తేం కాదు. రంపలో 1879లో జరిగినదాన్ని బ్రిటిష్‌వాళ్లు ‘పితూరీ’ అని రాసుకున్నారు, మనవాళ్లూ అదే అన్నారు. అదే మాటను ఇప్పుడు చాడీలకు వాడుతున్నాం, ఆ పోరాటాన్ని తిరుగుబాటు అంటున్నాం.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. ‘నిరసనలు హింసాత్మకంగా మారాయి’ అని మన పత్రికలకు ఒక వాక్యం అచ్చు పోసి ఉంది. 2020 మే 25న జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి పోలీసు చేతిలో చనిపోయాక మినియాపొలిస్ గురించి కూడా ఇదే. మారింది ఎవరు? పగలు ప్లకార్డు పట్టుకుని నడిచినవాళ్లు, రాత్రి పోలీస్ స్టేషన్ తగలబెట్టినవాళ్లు ఒకరేనా? ఆ వాక్యంలో కర్త లేడు కాబట్టి అందరూ ఒకటైపోతారు. ‘కొందరు దుకాణాలు పగలగొట్టారు’ అంటే పోయేదేముంది?

‘దొమ్మీ’ వాడొచ్చా అని కూడా అడిగారు. మన పోలీసు కేసుల్లో రయటింగ్‌కు అదే తెలుగు. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో గుమిగూడితేనే మన చట్టంలో ఆ నేరం, అమెరికా ఫెడరల్ చట్టానికి ముగ్గురు చాలు. కోర్టు కేసు గురించి రాసేటప్పుడు వాడండి, శీర్షికకు వద్దు. శీర్షికలో ‘లాస్ ఏంజెలెస్, 1992’ అని ఉంచి, లోపల దోపిడీని దోపిడీ అని, పోలీసు దెబ్బలను దెబ్బలని రాయండి. ‘అల్లర్లు’ ఒకటి రెండు చోట్ల పడినా నాకు అభ్యంతరం లేదు. ఆ రెండో వాక్యంలో ‘వల్ల’ మాత్రం మార్చండి.