శక్తి రాశావు, లూమినాసిటీ వదిలేశావు

తిరుపతి

తమ్ముడూ,

ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టే యంత్రం ఎల్‌హెచ్‌సీ (లార్జ్ హాడ్రాన్ కొలైడర్) మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 27 కిలోమీటర్ల సొరంగం, 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, అన్నీ చక్కగా రాశావు. ప్రోటాన్లు ఎంత దట్టంగా ఎదురుపడుతున్నాయో చెప్పే కొలత లూమినాసిటీ. దానికి మాత్రం ఒక్క వాక్యం ఇచ్చి ఊరుకున్నావు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది.

చాలినంత శక్తి ఉంటే హిగ్స్ అనే మూలకణం పుట్టడానికి వీలవుతుంది, అంతే. ఎల్‌హెచ్‌సీలో అది పుట్టేది సుమారు వంద కోట్ల తాకిళ్లకు ఒకసారి. అలా పుట్టిన వెయ్యి హిగ్స్ కణాల్లో రెండు మాత్రమే ఫోటాన్ల (కాంతి కణాల) జంటగా మారతాయి. హిగ్స్ లాంటి కొత్త కణం కనిపించిందని 2012 జూలై 4న ఎల్‌హెచ్‌సీని నడిపే సెర్న్ సంస్థ చేసిన ప్రకటనకు ఆ జంటలు ముఖ్యమైన ఆధారం. మరి ఎన్ని తాకిళ్లు జరిగి ఉండాలి? ఆ గుణకారం పాఠకుడి చేతే చేయించు. జవాబు చూశాక లూమినాసిటీ ఎందుకో అతనికే తెలుస్తుంది.

మనవాళ్లకు గరుడ సేవ గుర్తుచెయ్యి. అదే జనం ఊరంతా పరుచుకుంటే ఎవరి భుజమూ ఎవరికీ తగలదు. మాడవీధుల్లోకి చేరితే కదలడానికి చోటుండదు. పోలిక అక్కడ ఆపి, లెక్కలోకి వెళ్లు. లూమినాసిటీని చదరపు సెంటీమీటరుకు, సెకనుకు అని కొలుస్తారు. దాన్ని ఒక కణం పుట్టే క్రాస్ సెక్షన్‌తో (అది పుట్టే అవకాశాన్ని విస్తీర్ణం రూపంలో చెప్పే కొలతతో) గుణిస్తే, ఆ కణాలు సెకనుకు ఎన్ని పుడతాయో వస్తుంది. ఎదురెదురుగా వచ్చే రెండు బీముల్లోనూ (ప్రోటాన్ల ప్రవాహాల్లోనూ) ప్రోటాన్లు రెట్టింపైతే లూమినాసిటీ నాలుగింతలవుతుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది, అది తప్పక రాయి. బీములో ప్రోటాన్లు గుంపులుగా వెళ్తాయి, ఒక్కో గుంపులో పదివేల కోట్లకు పైగా ఉంటాయి. అయస్కాంతాలు ఆ గుంపును వెంట్రుక కన్నా సన్నగా నొక్కుతాయి. అంత చేసినా, రెండు గుంపులు ఎదురుపడ్డప్పుడు ఢీకొనేవి కొన్ని పదులే! తాకిళ్ల జాడలు నమోదు చేసే డిటెక్టర్‌కు అవే పెద్ద తలనొప్పి. ఏ జాడ ఏ తాకిడిదో విడదీయాలి కదా. అందుకే లూమినాసిటీ ఎంత పెరిగితే అంత మంచిదని రాసేయకు.

లూమినాసిటీని కొలిచే పద్ధతికీ ఓ పేరా ఇవ్వు. ఒక బీమును రెండోదాని మీదుగా కొంచెం కొంచెం జరుపుతూ తాకిళ్లు లెక్కపెట్టడం భౌతిక శాస్త్రవేత్త సైమన్ వాన్ డెర్ మీర్ 1968లో చెప్పిన ఉపాయం. ఎల్‌హెచ్‌సీలో ఇప్పటికీ అదే వాడతారు. ఈ కొలతలో వచ్చిన తేడా క్రాస్ సెక్షన్ లెక్కలన్నిటికీ పాకుతుంది.

సొరంగం వర్ణన సగానికి తగ్గించు, చోటు దొరుకుతుంది. ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలెవరికైనా ఇచ్చి చదివించు. వాళ్లు ఎక్కడ ఆగారో గుర్తుపెట్టి, ఆ పేరాలు తిరగరాసి నాకు పంపు.

మీ అన్న