పంటు మీద ఇంజిన్ మోత మీకు వినపడకపోతే

ప్రశ్న: సార్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లు, ఇంటర్వ్యూలు షూట్ చేస్తాను. వైరు కాళ్లకు అడ్డం పడుతోందని తక్కువ ధరలో బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొందామనుకుంటున్నాను. పెదవి కదిలాక ఎప్పటికో మాట వినిపిస్తుందని మా కుర్రాళ్లు భయపెడుతున్నారు. ఆడియో మానిటరింగ్‌కి, అంటే షూట్ చేస్తూనే సౌండ్ ఎలా వస్తోందో వినడానికి, పనికొస్తాయా?

జవాబు: పనికొస్తాయండి. ఆలస్యం గురించి టెన్షన్ వద్దు. మామూలు బ్లూటూత్‌లో మాట 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అది మీ చెవికే. కార్డులో రికార్డయ్యేదానికి ఏమీ కాదు.

నా భయమల్లా నాయిస్ క్యాన్సిలేషన్‌తోనే. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు మీద ఎవరితోనో మాట్లాడిస్తున్నారనుకోండి. ఇంజిన్ మోత ఆగకుండా ఒకే తీరున సాగుతుంది. సరిగ్గా అలాంటి మోతనే ఆ ఫీచర్ మీ చెవి దగ్గర అణిచేస్తుంది. మీకు మాట తేటగా వినిపిస్తుంది, మైకేమో ఇంజిన్‌ని మొత్తం పట్టేస్తుంది. ఎడిటింగ్‌కి కూర్చున్నాక గానీ సంగతి బయటపడదు. అప్పటికి ఆ మనిషిని మళ్లీ ఎక్కడ పట్టుకుంటారు? షూట్‌కి ముందే దాన్ని ఆఫ్ చేయండి. బాస్ పెంచే సెట్టింగులూ తీసేయండి.

కెమెరాలో బ్లూటూత్ ఉన్నా చాలావరకు అది ఫోన్ యాప్ కోసమే. అందుకని కెమెరా హెడ్‌ఫోన్ జాక్‌కి చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించుకోవాలి. సౌండ్ లెవెల్‌ని మాత్రం చెవితో అంచనా వేయకండి, కెమెరా మీటర్ చూడండి. మాట గట్టిగా వచ్చినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి: 3.5 ఎం.ఎం. వైరు కూడా పెట్టుకునే వీలుండాలి. ఇది నేను గట్టిగా చెప్తాను. కళ్యాణమండపంలో మీ వైర్‌లెస్ మైకు, బ్లూటూత్, జనం ఫోన్ల వైఫై చాలాసార్లు 2.4 గిగాహెర్ట్జ్ లోనే కొట్టుకుంటాయి. చెవిలో చిటపట మొదలైతే వైరు గుచ్చి వినండి. పోయిందా, తప్పు హెడ్‌ఫోన్స్‌ది, రికార్డింగ్ బాగానే ఉంది. ఇంకా ఉంటే మైకు సంగతి చూడాలి. పెళ్లికొడుకు కాలర్ మైకులో గరగర వస్తే మటుకు ముందు పట్టు కండువా చూడండి. జరీ అంచు మైకుని రాసుకుంటూ ఉంటుంది. కండువా రెండో భుజం మీదకి మార్పించి, మైకుని కాస్త కిందకి దించండి. ఇలాంటివి పట్టుకోవడానికి చవక హెడ్‌ఫోన్స్ చాలు.

సన్నగా "స్‌స్" మని వచ్చే హిస్ మాత్రం బ్లూటూత్‌లో తేలదు. ముఖ్యమైన ఇంటర్వ్యూ అయితే మొదటి నిమిషం వైరుతోనే వినండి.