బాండ్ పాసైనా జీతాలు ఎందుకు పెరగవంటే

"టెక్సాస్‌లో మా స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్ పాసైంది, అయినా టీచర్ల జీతాలకు డబ్బు లేదంటున్నారు" అన్నారు కదండీ. అందులో మోసం లేదు. బాండ్ అంటే ఓటర్ల ఆమోదంతో డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు. మీ ప్రాపర్టీ టాక్స్‌లో స్కూల్ వాటా రెండు ముక్కలు: ఒకటి ఆ అప్పు తీర్చడానికి, రెండోది స్కూళ్ల రోజువారీ ఖర్చులకు, అంటే నిర్వహణ పన్ను. బాండ్ డబ్బుతో భవనాలు కట్టొచ్చు, బస్సులు కొనొచ్చు. జీతాలివ్వడానికి చట్టం ఒప్పుకోదు. జీతాలు నిర్వహణ పన్ను నుంచి, రాష్ట్రం ఇచ్చే నిధుల నుంచే రావాలి. 2019 నుంచి 2025 దాకా ఒక్కో విద్యార్థికి రాష్ట్ర మూల కేటాయింపు 6,160 డాలర్లే. 2025లో కొత్త చట్టంతో పెంచింది 55 డాలర్లు! ధరలు మాత్రం ఆగలేదు, నా బాధంతా అదే.

అయితే ఆ 2025 చట్టమే అనుభవమున్న టీచర్లకు విడిగా పెంపు ఇచ్చింది: పెద్ద డిస్ట్రిక్టుల్లో ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 5,000 డాలర్లు. ఇంకా పెంచాలంటే నిర్వహణ పన్ను రేటుపై ఓటింగ్ పెట్టమని బోర్డు మీటింగ్‌లో అడగండి.