ఒకదాన్ని ఇంకొకటిగా గుర్తుపట్టడమే జ్ఞానమా?

‘ఒకదాన్ని ఇంకొకటిగా గుర్తుపట్టడమే జ్ఞానం’ అని నిర్వచించొచ్చా అని అడిగారు. గుర్తుపట్టడం జ్ఞానంలో పెద్ద భాగమే గానీ, నిర్వచనంగా నిలబడదనుకుంటాను.

మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చేన్లలో జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతుంటారు. నేనూ తిరిగినవాణ్ణే. కొత్తగా వచ్చినవాళ్లకి మెరిసిందల్లా వజ్రమే. వాళ్లు ఏరినవాటిలో ఒకటి నిజంగా వజ్రమే అయినా, తెలిసి పట్టాడని ఎవరూ అనరు, అదృష్టం అంటారు. మా ఊరి పెద్దాయన ఒకాయన తీరు వేరు. ఆయన నోట ‘వజ్రం’ అన్నమాట అరుదు, ‘పలుగురాయి, పారెయ్’ అనేదే ఎక్కువ. రాయి మీద నోటి ఆవిరి ఊది చూసేవాడు. వజ్రం వేడిని చప్పున లాగేస్తుంది కాబట్టి ఆవిరి నిలవదు. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయిది 7, వజ్రానిది 10 అని ఆయనకి తెలీదు. పలుగురాయితో వజ్రం మీద గీత పడదని మాత్రం తెలుసు. ‘ఇది అది కాదు’ అనడంలోనే ఆయన తెలివంతా ఉండేది. మీ నిర్వచనంలో దీనికి చోటేదీ?

మీ మాటకి బలమిచ్చే ఉదాహరణా మా దగ్గరే ఉంది. గుత్తి–పత్తికొండ దారిలో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రాజు పేరు దేవానాంపియ పియదసి. ఆ పియదసి అశోకుడేనని పాళీ గ్రంథాలు చూసి 1837లో సిలోన్‌లోని బ్రిటిష్ అధికారి జార్జ్ టర్నర్ చెప్పాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివే అని తేలడంతో చరిత్రే మారిపోయింది. కానీ 1915లో కర్ణాటకలోని మస్కిలో ‘అశోక’ అన్న పేరే చెక్కిన శాసనం దొరికాక గానీ సందేహం పూర్తిగా తీరలేదు. గుర్తింపు అప్పుడూ ఇప్పుడూ అదే, మధ్యలో పెరిగింది ఆధారం. ఆధారం చాలకపోతే గుర్తింపు వాదనగానే మిగులుతుంది: దక్షిణాన మౌర్యుల పాలనా కేంద్రమైన సువర్ణగిరి మా జొన్నగిరే అంటారు కొందరు, కర్ణాటకలోని కనకగిరి అంటారు ఇంకొందరు. (మావాళ్లు ఎప్పుడో తీర్పు ఇచ్చేసుకున్నారు లెండి!)

ఇంకో చిక్కుంది. ‘ఇది అదే’ అనాలంటే ‘అది’ ముందే తెలిసుండాలి. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, చెప్పే గవయం (ఆవును పోలిన అడవి జంతువు) కథ చూడండి. ‘ఆవులాంటిది గవయం’ అని విన్నవాడు అడవిలో దాన్ని చూసి గుర్తుపడతాడు, నిజమే. ఆవును మాత్రం దేనితో పోల్చి నేర్చుకున్నాడు? కళ్లతో చూశాడు. అందుకే నైయాయికులు ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలుసుకోవడం), అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోలికతో తెలుసుకోవడం), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) అని నాలుగు ప్రమాణాలు, అంటే జ్ఞానం కలిగే దారులు, పెట్టుకున్నారు. ఈ పోల్చి గుర్తుపట్టడం అందులో మూడోది మాత్రమే.