ఆసుపత్రి చాప్లెయిన్ జీవితం రాస్తున్న యువ రచయితకు లేఖ

తమ్ముడికి ఆశీస్సులు.

చిత్తుప్రతి అందింది. అమెరికాలో తొలితరం మహిళా చాప్లెయిన్ (ఆసుపత్రిలో రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే మతసేవకురాలు) జీవితం ఎంచుకున్నావు, మంచి పని. కానీ మొదటి వాక్యంలోనే ‘తొలి మహిళా పాస్టర్’ అనేశావు. ఏ సంఘంలో, అంటే ఏ క్రైస్తవ శాఖలో తొలి? ఆంటోనెట్ బ్రౌన్‌కు కాంగ్రెగేషనల్ సంఘంలో అభిషేకం (పాస్టర్‌గా అధికారికంగా నియమించే సంస్కారం) జరిగింది 1853లో. మెథడిస్టులు స్త్రీలకు పాస్టర్లుగా పూర్తి హక్కులిచ్చింది 1956లో. ఎపిస్కోపల్ సంఘం ఒప్పుకునేసరికి 1976. అందుకే సంఘం పేరు చెప్పని ‘తొలి’ ఎందుకూ కొరగాదు. చర్చిలో ప్రసంగించడానికి లైసెన్సు వేరు, అభిషేకం వేరు, ఆసుపత్రి నియామకం వేరు. మూడు తేదీలూ విడిగా రాసుకో. వాటి మధ్య ఏళ్లకేళ్లు ఎడం కనిపిస్తే అసలు కథ అక్కడుంది.

చాప్లెయిన్ శిక్షణను ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆసుపత్రిలో రోగుల మధ్యే నేర్పే ఆ పద్ధతిని ఆంటన్ బాయిసన్ 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో మొదలుపెట్టాడు. ఆ తొలి విద్యార్థుల్లోనే హెలెన్ ఫ్లాండర్స్ డన్‌బార్ అనే మహిళ ఉంది. కాబట్టి ‘స్త్రీలు ఆలస్యంగా వచ్చారు’ అన్న నీ వాక్యం కొట్టెయ్. తర్వాత స్థిరపడిన లెక్కలో ఒక యూనిట్ అంటే, శిక్షణలో ఒక విడత, కనీసం 400 గంటలు. ఎక్కువ భాగం వార్డుల్లోనే గడుస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది ‘వెర్బాటిమ్’. రోగిని చూసొచ్చాక, రికార్డరు లేకుండా, మాటామాటా గుర్తు తెచ్చుకుని రాసే కాగితం అది. ఇలా ఉంటుందనుకో:

రోగి: రేపే ఆపరేషన్. మా అబ్బాయి ఇంకా రాలేదు.
చాప్లెయిన్: భయపడకండి, దేవుడున్నాడు.

శిక్షణ ఇచ్చే సూపర్‌వైజర్ ఎర్రసిరాతో సున్నా చుట్టేది రెండో వరుసకే. భయమన్న మాట రోగి అనలేదు. అబ్బాయి సంగతి గాల్లో కలిసిపోయింది. చాప్లెయిన్ తన కంగారును దేవుడి మాటతో కప్పుకుంది. ‘అబ్బాయి కోసం చూస్తున్నారా?’ అని అడిగి ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ పనితనం ఎలా పెరిగిందో చూపాలంటే తొలినాటి వెర్బాటిమ్ ఒకటి, పదేళ్ల తర్వాతి సంభాషణ ఒకటి పక్కపక్కన పెట్టు. సన్మానపత్రాల జాబితా ఆ పని చెయ్యదు. (నీ మూడో అధ్యాయమంతా అదే, తీసెయ్.)

ఒక హెచ్చరిక. రోగి పేరు మార్చినంత మాత్రాన చాలదు. వయసు, జబ్బు, కుటుంబం కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కనీసం రెండు వివరాలు మార్చి, ఆ సంగతి ముందుమాటలో చెప్పు. చాప్లెయిన్‌తో ఏకాంతంగా చెప్పుకున్నది ఆవిడే కేస్‌షీటులో ఎక్కించదు, నువ్వూ ఎక్కించకు.

రెండో అధ్యాయం తిరగరాసి పంపు. అందులో ప్రార్థన రెండు వాక్యాలకు మించనివ్వకు.

ఉంటాను.