జయంతి రోహు పిల్ల వేయవచ్చా?

ప్రశ్న: మాది కైకలూరు మండలం. కొన్నేళ్లుగా ఒకే హేచరీ (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం) నుంచి శీలావతి (రోహు) పిల్ల తెస్తున్నాను. మేతగా తవుడు, నూనెగింజల చెక్క మునుపటిలాగే వేస్తున్నా ఎదుగుదల తగ్గింది. ఇప్పుడు 'జయంతి రోహు' పిల్ల అంటూ ఎక్కువ ధర చెబుతున్నారు. తీసుకోవచ్చా? మా చెరువులో బాగా పెరిగిన చేపల నుంచే పిల్ల తీయించుకుంటే సరిపోదా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: జయంతి మేలైన రకమే. భువనేశ్వర్‌ దగ్గర కౌసల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా) 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి ఈ పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల రోహును తమ ఫారం రోహుతో కలిపి, త్వరగా పెరిగే కుటుంబాలను ఏరుకుంటూ వచ్చారు. తరానికి సగటున 17 శాతం దాకా ఎదుగుదల పెరిగింది. 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరంలో విడుదల చేశారు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇది జన్యువులు మార్చిన చేప కాదు.

అయితే పేరు చూసి డబ్బు ఇవ్వకండి. కిలో బరువుకు 2 లక్షలకు పైగా గుడ్లు పెట్టే చేప ఇది. కొద్ది తల్లిచేపలతోనే హేచరీ గిరాకీ తీరిపోతుంది. వాటి పిల్లలనే మళ్లీ తల్లిచేపలుగా ఉంచితే తోబుట్టువుల మధ్య సంకరం జరిగి ఎదుగుదల తగ్గుతుంది, వంకర పిల్లలు పెరుగుతాయి. పైగా పెద్ద చేపలు మార్కెట్‌కు పోయి, మిగిలిన గిడసబారినవే తల్లిచేపలైతే నష్టం ఇంకా ఎక్కువ. మీ చెరువు చేపలతో పిల్ల తీయించవద్దని చెప్పేది ఇందుకే. ఏ చేప దేనికి తోబుట్టువో మీకు తెలియదు. సీఫాలో ఒక్కో చేప చర్మం కింద చిప్ పెట్టి కుటుంబాల లెక్క ఉంచుతారు.

కాబట్టి హేచరీ వాళ్లను తల్లిచేపలు ఎక్కడివి, ఎప్పుడు తెచ్చారు, ఎన్ని జతలు అని అడగండి. కాగితాలు చూపమనండి. సందేహముంటే విజయవాడలోని సీఫా ప్రాంతీయ కేంద్రంలో కనుక్కోండి.

ఇంకో మాట. అదే చెరువులోని కట్ల (బొచ్చె) చేప కూడా ఎదగకపోతే లోపం పిల్లలో ఉండకపోవచ్చు. ఎకరాకు వేసిన పిల్ల సంఖ్య, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ముందు చూసుకోండి. మంచి రకమైనా చాలినంత మేత, గాలి లేకుంటే పెరగదు.

ఈ ఏడాది చెరువంతా మార్చకండి. రెండు రకాల పిల్లను ఒకే సైజులో, ఒకే చెరువులో వేయండి. వేర్వేరు చెరువుల్లో వేస్తే నీటి తేడా, మేత తేడా కలిసిపోయి ఏదీ తేలదు. జయంతి పిల్లలకు పొట్ట కింది రెక్క ఒకటి మొదలు దాకా కత్తిరిస్తే గుర్తు ఉంటుంది. నెలకోసారి వల వేసి రెండింటినీ విడివిడిగా తూచి రాసుకోండి.