ఐదేళ్ల మనవరాలు, తాతయ్య కలిసి ఆడుకునే పొడుపు కథలు ఏవి?

చిన్నపిల్లలకు కంటికి కనబడే వస్తువుతో మొదలుపెట్టండి. ‘చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం’ అని అడిగి, చేతికి కొబ్బరిబోండం ఇవ్వండి. సున్నమంటే లోపలి తెల్లటి కొబ్బరి అని పిల్ల తనే పట్టేస్తుంది. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అంటే కనురెప్పలు. ఇది అడిగితే పిల్లలు ముందు రెప్పలు ఆర్పి చూసుకుంటారు, ఆ ముచ్చట చూడాల్సిందే.

లెక్కలొచ్చిన వయసుకు తామరపూలు. పువ్వుకో తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగిలింది, పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. పూలు 3, తుమ్మెదలు 4.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పులి, మేక, గడ్డిమోపు. మా విజయవాడలో దీన్ని కృష్ణ మీదే చెప్పుకోవచ్చు: సీతానగరం ఒడ్డు నుంచి ఇవతలికి మూడింటినీ దాటించాలి, పడవలో మనిషితో పాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేకపోతే పులి మేకను, మేక గడ్డిని తినేస్తాయి. ముందు మేకను దాటించాలని అందరూ చెప్తారు. చిక్కంతా తర్వాతే. పులిని దించాక మేకను మళ్లీ వెనక్కి తేవాలి! దాటించినదాన్ని వెనక్కి తేవడానికి మనసొప్పదు, పెద్దవాళ్లు ఆగిపోయేది అక్కడే. ఆపైన మేకను దించి గడ్డిని దాటించి, చివరికి మేక కోసం రావాలి. మొత్తం 7 సార్లు నది దాటాలి. అగ్గిపుల్ల, చింతగింజ, గడ్డిపరక నేలమీద పెట్టి ఆడించండి, తొందరపడి జవాబు మాత్రం చెప్పకండి.